ఫీల్డ్ మార్షల్ బిరుదు: గుంటూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో పోటీ పరీక్షల పిల్లలకు నేను చరిత్ర చెప్తాను. సీడీఎస్‌కి (సైన్యంలో ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) చదివేవాళ్ళు, గ్రూప్స్ రాసేవాళ్ళు, ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్‌కి తయారయ్యేవాళ్ళు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. సైన్యంలో ర్యాంకుల పాఠం వచ్చినప్పుడల్లా ఫీల్డ్ మార్షల్ దగ్గర చర్చ మొదలవుతుంది. గైడ్లలో దీనికి రెండు లైన్లు మాత్రమే ఉంటాయి: ఐదు నక్షత్రాల హోదా, ఇండియాలో ఇద్దరికి దక్కింది. అవి బట్టీ పడితే ఒక మార్కు వస్తుంది కానీ ఈ బిరుదు ఏమిటో తెలియదు. దీని వెనక వెయ్యేళ్ళకు పైబడిన కథ ఉంది. దానితో పోల్చి చూడదగ్గ కథ మన చేబ్రోలు శాసనాల్లోనూ ఉంది. పిల్లలు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ వరసగా పెట్టి జవాబులు రాస్తున్నాను.

ఫీల్డ్ మార్షల్ అంటే అసలు ఎవరు?

ఆర్మీలో జనరల్‌కి పైన ఉన్న హోదా. మన దేశంలో ఆర్మీ చీఫ్‌గా పనిచేసేది జనరల్. ఆయనకు నాలుగు నక్షత్రాలు, ఫీల్డ్ మార్షల్‌కి ఐదు. అయితే ఇది ఖాళీ పడితే భర్తీ చేసే పోస్టు కాదు. సర్వీసు ఇన్నేళ్ళు నిండితే వచ్చే ప్రమోషనూ కాదు. దీనికంటూ వేరే ఆఫీసు, వేరే దళం ఉండవు. దేశానికి అసాధారణమైన సేవ చేసిన సేనానికి ప్రభుత్వం నిర్ణయించి ఇచ్చే గౌరవం ఇది. ఒకసారి ఇస్తే జీవితాంతం ఉంటుంది.

‘మార్షల్’ అన్న పేరు ఎక్కడిది?

పాత జర్మన్ భాషల నుంచి వచ్చింది. ‘మరహ్’ అంటే గుర్రం, ‘స్కాల్క్’ అంటే సేవకుడు. రెండూ కలిపితే గుర్రాల్ని చూసుకునే మనిషి. నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన ఫ్రాంకు రాజుల కొలువులో ఈ పేరుతో పనివాళ్ళుండేవారు. గుర్రాలకు దాణా వేయడం, మాలీసు చేయడం, జబ్బు చేస్తే వైద్యం చూడడం, లాడాలు కొట్టించడం వాళ్ళ పని. ఫ్రెంచివాళ్ళు ఈనాటికీ లాడాలు కొట్టేవాడిని ‘మరెషాల్ ఫెరాన్’ అనే పిలుస్తారు. వాళ్ళ దేశపు అత్యున్నత సైనిక గౌరవం పేరు ‘మరెషాల్ ద ఫ్రాన్స్’. రెండు పేర్లూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

ఈ సంగతి చెప్పగానే క్లాసులో నవ్వులు వినిపిస్తాయి. నవ్వాల్సిన విషయం కాదు. పని చేసి పైకొచ్చిన బిరుదు ఇది, పుట్టుకతో వచ్చింది కాదు.

గుర్రాల కాపరి సేనాపతి ఎలా అయ్యాడు?

ఒక్క రోజులో కాలేదు, కొన్ని శతాబ్దాలు పట్టింది. మధ్యయుగాల యూరప్‌లో యుద్ధబలం అంటే ప్రధానంగా రౌతులు. యుద్ధానికి పనికొచ్చే గుర్రం చాలా ఖరీదైనది. దాన్ని పెంచి, తర్ఫీదు ఇవ్వడానికి ఏళ్ళు పట్టేది. అలాంటప్పుడు రాజు దండయాత్రకు బయల్దేరాలంటే ముందుగా ఎవర్ని అడగాలి? శాలలో ఎన్ని గుర్రాలున్నాయి, ఎన్ని కుంటుతున్నాయి, ఎన్ని రోజుల మేత ఉంది, దారిలో నీళ్ళెక్కడ దొరుకుతాయి, ఇవన్నీ తెలిసిన మనిషినే అడగాలి. ఆ మనిషే మార్షల్.

గుర్రాలతోపాటు ఆయన కూడా యుద్ధానికి కదిలేవాడు. కాబట్టి దారిలో ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక నడవాలి అన్న వరస ఆయన చేతిలోకి వచ్చింది. రాత్రి విడిది ఎక్కడ దిగాలి, ఏ దొర గుడారం ఎక్కడ వేయాలి అన్నదీ ఆయనే చెప్పేవాడు. విడిదిలో తగాదాలు వస్తే తీర్పు చెప్పే అధికారం కూడా వచ్చింది. సైన్యాన్ని నడిపించే పని ముప్పాతిక వంతు ఇదేనని నా అభిప్రాయం. కత్తి దూసి ముందుకురికే దృశ్యాలే మనకు కనిపిస్తాయి గానీ, మేత లేని గుర్రం మీద ఏ వీరుడూ యుద్ధం గెలవలేదు. ఆ లెక్క తెలిసిన వాడి చేతికి సైన్యం రావడంలో న్యాయం ఉంది.

12వ శతాబ్దం చివరికి ఫ్రాన్స్‌లో మార్షల్ నేరుగా సేనల్ని నడిపే స్థాయికి వచ్చాడు. ఫిలిప్ ఆగస్టస్ రాజు దగ్గర మార్షల్‌గా ఉన్న అల్బెరిక్ క్లెమాన్ 1191లో మూడో క్రూసేడులో, అంటే యూరప్ క్రైస్తవుల మతయుద్ధంలో, ఏకర్ కోట దగ్గర పోరాడుతూ చనిపోయాడు. ఫ్రాన్స్ మార్షళ్ళ జాబితా ఆయనతోనే మొదలవుతుంది. అదే కాలంలో ఇంగ్లండ్‌లో విలియం మార్షల్ అనే యోధుడు వెలిగాడు. వాళ్ళ కుటుంబం రాజు కొలువులో మార్షల్ పదవి చేసేది, ఆ పదవే ఇంటిపేరయింది. ఆయన చివరికి బాలరాజు మూడో హెన్రీ తరఫున ఇంగ్లండ్ పాలన నడిపి 1219లో కన్నుమూశాడు.

పోలీసు కానిస్టేబుల్ పేరు కూడా గుర్రపుశాల నుంచే వచ్చిందంటారు, నిజమేనా?

నిజం. లాటిన్‌లో ‘కోమెస్ స్టాబులి’ అంటే గుర్రపుశాలల అధికారి. అదే కానిస్టేబుల్ అయింది. ఆ రోజుల్లో కానిస్టేబుల్ పెద్ద, మార్షల్ ఆయన కింద పనిచేసేవాడు. ఫ్రాన్స్‌లో రాజు తర్వాత సర్వసైన్యాధికారి కానిస్టేబులే.

తర్వాత రెండు పదవుల దారులూ విడిపోయాయి. అంత అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండడం రాజులకు భయం పుట్టించింది. ఇంగ్లండ్‌లో లార్డ్ హై కానిస్టేబుల్‌గా ఉన్న బకింగ్‌హామ్ డ్యూక్‌కి 1521లో ఎనిమిదో హెన్రీ మరణశిక్ష వేయించాక, ఆ పదవిని పట్టాభిషేకాల వేడుకకే పరిమితం చేశారు. ఫ్రాన్స్‌లో 1627లో రిషెల్యూ మంత్రిగా ఉండగా కానిస్టేబుల్ పదవినే రద్దు చేశారు. పైవాడు పోవడంతో మార్షల్ మొదటి స్థానంలోకి వచ్చాడు. ఇంకోపక్క ఇంగ్లండ్ పల్లెల్లో శాంతిభద్రతలు చూసే మనిషిని కానిస్టేబుల్ అనడం ముందునుంచే వాడుకలో ఉంది. బ్రిటిష్ పోలీసు వ్యవస్థతోపాటు ఆ పేరు మన కొత్తపేట స్టేషన్ దాకా వచ్చింది.

రెండు పేర్లూ ఒకే శాలలో పుట్టాయి. ఒకటి సైన్యంలో అన్నిటికంటే పై మెట్టు అయింది, ఇంకొకటి పోలీసు శాఖలో మొదటి మెట్టు అయింది. అంతమాత్రాన కానిస్టేబుల్ పేరును చిన్నచూపు చూడకండి. దాని చరిత్ర చాలా పెద్దది.

మన తెలుగు రాజ్యాల్లో ఇలాంటి బిరుదులున్నాయా?

ఉన్నాయి, పైగా మనకు చాలా దగ్గరలో. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే బస్సెక్కితే దారిలో చేబ్రోలు వస్తుంది. చెరువు మధ్యలోని చతుర్ముఖ బ్రహ్మ గుడి కోసం చాలామంది వెళ్తారు. 13వ శతాబ్దంలో ఆ ఊరు జాయప సేనాని ఏలుబడిలో ఉండేది. ఈ జవాబు కొంచెం పొడుగవుతుంది. మన జిల్లా పిల్లలకు తెలియాల్సిన మనిషి కాబట్టి తగ్గించాలని నాకు అనిపించలేదు.

జాయపది కృష్ణా తీరంలోని దివిసీమ, అయ్య వంశం. కాకతీయ గణపతిదేవుడు తీరాంధ్రను గెలిచినప్పుడు దివిసీమ కూడా ఆయన వశమైంది. జాయప అక్కచెల్లెళ్ళు నారాంబ, పేరాంబలను గణపతిదేవుడు పెళ్ళి చేసుకున్నాడు. కుర్రవాడైన జాయపను తన కొలువులోకి తీసుకుని చదువు చెప్పించాడు. తర్వాత ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఆ పదవి పేరు గజసాహిణి. సాహిణి అంటే ఏనుగుల, గుర్రాల శాలలకూ దళాలకూ పెద్ద. ఏనుగుల్ని చూసేవాడు గజసాహిణి, గుర్రాల్ని చూసేవాడు అశ్వసాహిణి.

యూరప్ మార్షల్‌తో పోలిక ఇక్కడే ఉంది. రెండు పేర్లకూ చుట్టరికం లేదు, ఒకదాన్నుంచి ఇంకొకటి రాలేదు. కానీ రెండు చోట్లా జరిగింది ఒకటే. ఏ జంతువు మీద సైన్యం బలం ఆధారపడిందో, దాని బాగోగులు తెలిసినవాడు రాజుకు అతి దగ్గరివాడయ్యాడు. అక్కణ్ణుంచి సేనాపతి అయ్యాడు, ప్రాంతాధికారి అయ్యాడు. మావటివాళ్ళను, మేతను, మదమెక్కిన ఏనుగుల్ని సంభాళించగలిగినవాడికి రాజ్యంలో ఒక భాగం అప్పగించడానికి గణపతిదేవుడు సందేహించలేదు.

జాయపలో ఇంకో గొప్పతనం ఉంది. యుద్ధాల మనిషి అయి ఉండి కూడా నాట్యశాస్త్రం మీద సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. 1253-54 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గ సంప్రదాయం, అంటే శాస్త్రీయ పద్ధతి గురించి, తర్వాతి నాలుగూ దేశి, అంటే ఆయా ప్రాంతాల నృత్యాల గురించి. పేరణి, కోలాటం లాంటి వాటి వివరాలు అందులో దొరుకుతాయి. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్ళీ ప్రాణం పోయడానికి ఈ గ్రంథమూ, రామప్ప గుడి శిల్పాలూ ఆధారమయ్యాయి. ఆ రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా గణపతిదేవుడి సేనానే. కాకతీయుల సేనానులు అలాంటివాళ్ళు.

మరి దండనాయకుడు?

దండు అంటే సైన్యం, దానికి నాయకుడు దండనాయకుడు. చాళుక్యులు, హోయసలులు, కాకతీయుల శాసనాల్లో ఈ పేరు విరివిగా కనిపిస్తుంది. ఇది నేటి జనరల్‌కి దగ్గరగా ఉంటుంది. అనువాదంలో ఫీల్డ్ మార్షల్‌ని ‘మహాదండనాయకుడు’ అని రాసే విద్యార్థులున్నారు. పరీక్షలో అలా రాయకండి. ఫీల్డ్ మార్షల్ అనే రాయండి, వాడుకలో ఉన్నది అదే.

గజపతి, అశ్వపతి కూడా సైనిక హోదాలేనా?

కాదు, అవి రాజుల బిరుదులు. ఏనుగులకు ఒడయుడు గజపతి, గుర్రాలకు ఒడయుడు అశ్వపతి, మనుషులకు, అంటే కాల్బలానికి ఒడయుడు నరపతి. ఒరిస్సా రాజులు గజపతులు, విజయనగర రాజులు నరపతులు, ఉత్తరాది సుల్తానులను అశ్వపతులనేవారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆ దండయాత్రలోనే బెజవాడ పక్కనున్న కొండపల్లి కూడా ఆయన చేతికి వచ్చింది.

ముందు ‘ఫీల్డ్’ ఎందుకు చేరింది?

యూరప్ రాజుల కొలువుల్లో మార్షల్ పేరుతో రెండు రకాల అధికారులు తయారయ్యారు. ఒకరు రాజమహల్ వేడుకలు, అతిథుల వరస చూసేవారు. ఇంకొకరు యుద్ధరంగంలో ఉండేవారు. రెండో ఆయన్ని వేరుగా చెప్పడానికి జర్మన్ రాజ్యాల్లో ‘ఫెల్డ్ మార్షాల్’ అన్నారు, అంటే రణభూమిలోని మార్షల్. మొదటి రకం కూడా ఇంకా బతికే ఉంది. బ్రిటన్‌లో పట్టాభిషేకం జరిపించేది ఎర్ల్ మార్షల్. 1672 నుంచి ఆ పదవి నార్ఫక్ డ్యూకుల వంశానిది.

బ్రిటిష్ సైన్యంలోకి ఫీల్డ్ మార్షల్ హోదా 1736లో వచ్చింది. తెచ్చినవాడు రెండో జార్జి రాజు. ఆయన జర్మనీలోని హానోవర్‌లో పుట్టినవాడు కాబట్టి జర్మన్ పద్ధతి ఆయనకు అలవాటే. ఆ ఏడాది ఆర్క్‌నీ ఎర్ల్‌కి, ఆర్గైల్ డ్యూక్‌కి మొదటిసారి ఇచ్చారు. బ్రిటిష్ సైన్యం నుంచి ఆ ఆనవాయితీ మనకు వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ కమాండర్ ఇన్ చీఫ్‌గా ఉన్న బర్డ్‌వుడ్, చెట్‌వుడ్, ఆకిన్‌లెక్ ఫీల్డ్ మార్షళ్ళే.

కోర్టు మార్షల్, మార్షల్ ఆర్ట్స్‌లో ఉన్నది కూడా ఈ మాటేనా?

కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కానీ పుట్టుక వేరు. కోర్టు మార్షల్, మార్షల్ లా, మార్షల్ ఆర్ట్స్‌లో ఉన్నది రోమన్ల యుద్ధదేవత మార్స్ పేరు నుంచి వచ్చింది. ఫీల్డ్ మార్షల్‌లో ఉన్నది గుర్రాల కాపరి పేరు. ఇంగ్లీషులో స్పెల్లింగు కూడా వేరే.

అసెంబ్లీలో సభ్యుల్ని బయటికి తీసుకెళ్ళే మార్షల్స్ సంగతేమిటని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. వెలగపూడి అసెంబ్లీలో కనిపించే ఆ మార్షల్స్ పేరు మాత్రం ఫీల్డ్ మార్షల్‌లో ఉన్న మాటే. కొలువులో క్రమం కాపాడే పాత మార్షల్ పనిని అది గుర్తు చేస్తుంది.

ఫీల్డ్ మార్షల్ చేతిలోని కర్ర ఏమిటి?

దాన్ని బేటన్ అంటారు. అధికార దండం అనుకోండి. రాజు తన తరఫున ఆజ్ఞ ఇచ్చే అధికారాన్ని సేనానికి అప్పగించినందుకు గుర్తు అది. బ్రిటిష్ బేటన్‌కి ఎర్ర మఖమల్ తొడుగు, దానిమీద బంగారు సింహాలు, పైకొసన డ్రాగన్‌ని చంపుతున్న సెయింట్ జార్జి బొమ్మ ఉంటాయి. ఫ్రాన్స్ మార్షల్ బేటన్ మీద లాటిన్‌లో ‘యుద్ధంలో భయంకరం, శాంతిలో అలంకారం’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది.

బేటన్ గురించి ఒక చక్కని చారిత్రక ఘటన ఉంది. మరాఠాలతో 1803లో అసాయే యుద్ధం గెలిచిన ఆర్థర్ వెల్లెస్లీ గురించి మీరు చదివే ఉంటారు. ఆయనే తర్వాత వెల్లింగ్టన్. 1813 జూన్‌లో స్పెయిన్‌లోని విటోరియా దగ్గర ఫ్రెంచి సేనల్ని ఓడించినప్పుడు ఫ్రెంచి మార్షల్ జోర్దాన్ బేటన్ ఆయన సైనికులకు దొరికింది. దాన్ని లండన్‌లోని యువరాజుకు పంపాడు. బదులుగా యువరాజు ఆయన్ని ఫీల్డ్ మార్షల్‌ని చేశాడు.

నెపోలియన్ సంగతి కూడా చెప్పాలి. 1804లో చక్రవర్తి కాగానే ఆయన 18 మందికి మార్షల్ గౌరవం ఇచ్చాడు. వాళ్ళలో ‘నే’ అనే మార్షల్ పీపాలు చేసేవాడి కొడుకు, ‘మ్యురా’ అనే ఆయన సత్రం నడిపేవాడి కొడుకు. ఫ్రెంచి విప్లవానికి ముందైతే అలాంటి ఇళ్ళ పిల్లలకు పెద్ద ఆఫీసరు కావడమే గగనం. ప్రతి సిపాయి సంచిలోనూ ఒక మార్షల్ బేటన్ ఉంటుందన్న నానుడి ఆ కాలపు వాతావరణంలోనే పుట్టింది.

ఇండియాలో ఫీల్డ్ మార్షళ్ళు ఎవరు?

ఇద్దరు: శామ్ మానెక్‌షా, కె.ఎం. కరియప్ప. పరీక్షల్లో వీళ్ళ వరస తారుమారు చేసి అడుగుతారు. వయసులో, సర్వీసులో కరియప్ప ముందు. బిరుదు మాత్రం మానెక్‌షాకే ముందు వచ్చింది.

మానెక్‌షా 1914 ఏప్రిల్ 3న అమృత్‌సర్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. 1942లో బర్మాలో సిట్టాంగ్ దగ్గర జపాన్ సేనలతో పోరాడుతూ తూటాలు తగిలి చావు అంచుదాకా వెళ్ళారు. ఆ పోరాటానికి మిలిటరీ క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. 1969 జూన్‌లో ఆర్మీ చీఫ్ అయ్యారు. 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే వెళ్ళాలన్న ఆలోచన వచ్చినప్పుడు, సైన్యం సిద్ధంగా లేదని, వానాకాలం ముందుందని ఇందిరాగాంధీకి ముఖం మీదే చెప్పానని ఆయన తర్వాత చాలాసార్లు వివరించారు. ఆ ఏడాది యుద్ధంలో మన విజయానికి మూలం ఆ నిదానంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసింది. పాకిస్తాన్ వైపు దాదాపు 93,000 మంది యుద్ధఖైదీలయ్యారు, బంగ్లాదేశ్ ఏర్పడింది.

1973 జనవరి 1 నుంచి ఆయన ఫీల్డ్ మార్షల్. జనవరి 3న రాష్ట్రపతి భవన్‌లో వేడుక జరిగింది. అప్పటి రాష్ట్రపతి మన తెలుగువారు వి.వి. గిరి. రెండు వారాలు తిరక్కుండానే, జనవరి 15న, మానెక్‌షా చీఫ్ పదవి నుంచి తప్పుకున్నారు. 2008 జూన్ 27న తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో కన్నుమూశారు.

కరియప్ప కొడగువారు, 1899 జనవరి 28న పుట్టారు. 1949 జనవరి 15న బ్రిటిష్ జనరల్ రాయ్ బుచర్ నుంచి కమాండర్ ఇన్ చీఫ్ బాధ్యత తీసుకున్న మొదటి భారతీయుడు. అందుకే ఏటా జనవరి 15న ఆర్మీ డే చేస్తారు. 1953లో రిటైరయ్యారు. ఫీల్డ్ మార్షల్ గౌరవం మాత్రం 1986లో, 87వ ఏట వచ్చింది. 1993లో బెంగళూరులో చనిపోయారు.

కరియప్ప గురించి ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1965 యుద్ధంలో ఆయన కొడుకు, ఎయిర్‌ఫోర్స్ పైలట్, పాకిస్తాన్‌కి ఖైదీగా చిక్కాడు. అప్పటి పాక్ అధ్యక్షుడు ఫీల్డ్ మార్షల్ అయూబ్ ఖాన్, విభజనకు ముందు కరియప్ప కింద పనిచేసినవాడు. ఆ అబ్బాయిని విడిచిపెడతానని కబురు పంపితే, ఖైదీలందరూ నా కొడుకులే, అందరినీ ఒకేలా చూడండి అని కరియప్ప జవాబిచ్చారని చెప్పుకుంటారు. బిరుదు రావడానికి 20 ఏళ్ళ ముందే ఆయన దానికి తగినవారు.

తెలుగువాళ్ళలో ఎవరైనా ఉన్నారా?

ఫీల్డ్ మార్షల్ ఎవరూ లేరు. ఆర్మీ చీఫ్ అయిన తెలుగువారు జనరల్ కె.వి. కృష్ణారావు, 1981 నుంచి 1983 దాకా. తర్వాత జమ్మూ కశ్మీర్ గవర్నర్‌గా కూడా పనిచేశారు.

ఫీల్డ్ మార్షల్ రిటైర్ కారా? జీతం వస్తుందా?

చీఫ్ పదవి వదిలేస్తారు గానీ ఆర్మీ జాబితాలో పేరు జీవితాంతం ఉంటుంది. వేడుకలకు యూనిఫాం వేసుకుని రావచ్చు. కారు మీద ఐదు నక్షత్రాలుంటాయి. భుజం మీద మూడు సింహాల జాతీయ చిహ్నం, దాని కింద పద్మాల దండ మధ్యలో అడ్డంగా పెట్టిన బేటన్, ఖడ్గం ఉంటాయి.

పూర్తి జీతం రావాలన్నదే నియమం. అయితే మానెక్‌షాకు ఏళ్ళ తరబడి ఆ జీతభత్యాలు సరిగ్గా అందలేదు. బకాయి కింద కోటి రూపాయలకు పైగా 2007లో ముట్టింది, అప్పటికి ఆయనకు 90 దాటాయి. అంత పెద్ద గౌరవం ఇచ్చిన దేశం దానికి తగిన మర్యాద నిలుపుకోవడంలో ఆలస్యం చేసిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో ఇలాంటిది ఉందా?

ఎయిర్‌ఫోర్స్‌లో మార్షల్ ఆఫ్ ది ఇండియన్ ఎయిర్‌ఫోర్స్. ఒక్క అర్జన్ సింగ్‌కే దక్కింది, 2002లో. 1965 యుద్ధంలో వాయుసేనను నడిపిన చీఫ్ ఆయన. 2017 సెప్టెంబర్ 16న చనిపోయారు. నేవీలో సమాన హోదా అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్. మన దేశంలో ఎవరికీ ఇవ్వలేదు.

అందరికీ ఇది మర్యాదగానే వచ్చిందా?

లేదు. బిరుదు విలువ ఇచ్చేవాడిని బట్టి, ఇచ్చే కారణాన్ని బట్టి ఉంటుంది. ఫ్రాన్స్‌ను ఓడించిన ఊపులో హిట్లర్ 1940 జూలై 19న ఒక్క రోజే 12 మంది జనరళ్ళను ఫీల్డ్ మార్షళ్ళను చేశాడు. 1943 జనవరి 30న, స్టాలిన్‌గ్రాడ్‌లో చుట్టుముట్టబడి ఆకలితో ఉన్న సైన్యానికి అధిపతి పౌలస్‌కి కూడా ఆ హోదా పంపాడు. అప్పటిదాకా జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవరూ ప్రాణాలతో శత్రువుకు లొంగిపోలేదు. అంటే ఆ ప్రమోషన్‌కి అర్థం, చచ్చిపో అని. పౌలస్ మర్నాడే లొంగిపోయాడు. సేనానిని గౌరవించడానికి పుట్టిన బిరుదును ఉరితాడులా వాడిన సందర్భం ఇది. చరిత్రలో నాకు అత్యంత హీనంగా అనిపించే ఘట్టాల్లో ఇదొకటి.

సోవియట్ యూనియన్‌లో 1935లో ఐదుగురిని మొదటి మార్షళ్ళుగా ప్రకటించారు. నాలుగేళ్ళలోపే వాళ్ళలో ముగ్గురు, తుఖాచెవ్‌స్కీ, బ్ల్యూఖర్, యెగోరొవ్, స్టాలిన్ ప్రక్షాళనకు, అంటే సొంత అధికారుల ఏరివేతకు, బలయ్యారు. పాకిస్తాన్‌లో అధికారం చేజిక్కించుకున్న మరుసటి ఏడాదే, 1959లో, అయూబ్ ఖాన్ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఉగాండాలో ఇదీ అమీన్ తనకు తానే తగిలించుకున్నాడు. బ్రిటన్ విదేశీ రాజులకు మర్యాద కోసం ఇచ్చి తర్వాత ఇబ్బందిపడింది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ పేరు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చక్రవర్తి హిరోహిటో పేరు జాబితా నుంచి కొట్టేయాల్సి వచ్చింది.

మన దేశంలో ఇంతవరకూ ఇద్దరికే ఇవ్వడం పొదుపరితనం కాదు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం, తనకు లోబడి పనిచేసిన సేనానులకు ఇచ్చింది. ఎవరూ లాక్కోలేదు. ఇద్దరిలో ఎవరూ ఆ బిరుదుతో గద్దె ఎక్కాలని చూడలేదు. మిగతా దేశాల జాబితాలు పక్కన పెట్టుకుని చూస్తే ఇది ఎంత విలువైనదో తెలుస్తుంది.

అమెరికాలో ఫీల్డ్ మార్షల్ ఎందుకు లేరు?

అక్కడ ఐదు నక్షత్రాల హోదాకి జనరల్ ఆఫ్ ది ఆర్మీ అని పేరు. 1944 డిసెంబర్‌లో ఏర్పాటు చేశారు. మిత్రదేశాల ఫీల్డ్ మార్షళ్ళతో కలిసి పనిచేసే తమ జనరళ్ళకు సమాన హోదా అవసరమైంది. మార్షల్, మెకార్థర్, ఐసెన్‌హోవర్, ఆర్నాల్డ్ మొదటివాళ్ళు. వీళ్ళలో జార్జి మార్షల్‌కి అది ఇంటిపేరే. మెకార్థర్ అంతకుముందే 1936లో ఫిలిప్పీన్స్ సైన్యంలో ఫీల్డ్ మార్షల్‌గా ఉన్నాడు.

లెఫ్టినెంట్ కంటే మేజర్ పెద్ద కదా, మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్ద?

మేజర్ జనరల్ పాత పేరు సార్జెంట్ మేజర్ జనరల్. కాలక్రమంలో ముందున్న సార్జెంట్ రాలిపోయింది. లెఫ్టినెంట్ అంటే పైవాడి స్థానంలో నిలబడేవాడు. కాబట్టి జనరల్ లేనప్పుడు ఆయన స్థానంలో ఉండేవాడు లెఫ్టినెంట్ జనరల్, ఆయన తర్వాతే మేజర్ జనరల్.

చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ ఫీల్డ్ మార్షల్‌తో సమానమా?

కాదు. సీడీఎస్ నాలుగు నక్షత్రాల అధికారే. త్రివిధ దళాల సమన్వయం ఆయన బాధ్యత. ఈ పదవిని 2019 డిసెంబర్‌లో ఏర్పాటు చేశారు. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ మొదటి సీడీఎస్‌గా బాధ్యత తీసుకున్నారు. అది పని చేయాల్సిన పదవి, పదవీకాలం ఉంటుంది. ఫీల్డ్ మార్షల్‌కి పదవీకాలం లేదు. పరీక్ష రాసే సీడీఎస్ వేరు, ఈ సీడీఎస్ వేరు అని కూడా గుర్తుపెట్టుకోండి. రెండిటినీ కలిపేసి రాసిన జవాబు పత్రాలు ప్రతి బ్యాచ్‌లోనూ దిద్దుతుంటాను.